నవలలోని కథయు లోకములోని చరిత్రయు

నవలను చదివి ముగించిన విద్యార్థి ఉపాధ్యాయుని యొద్దకు వచ్చి తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, ఇది నిజముగా జరిగినదా?" ఈ ప్రశ్న మిక్కిలి మంచిది. అయినను దీనికి అవుననిగాని కాదనిగాని యొక్క మాటతో బదులు చెప్పి పంపివేసినయెడల అడిగినవానికి కలుగు లాభము స్వల్పము. కథలో చెప్పినదానిలో ఏది జరిగినది? ఏది జరుగలేదు? జరిగినదానిలో ఏది కథలోనికి రాలేదు? జరుగనిదానిని రచయిత యేల కల్పించెను? ఇట్లు ఒక్క ప్రశ్నను నాలుగుగా విడదీసి వెదకినప్పుడే నవలయు చరిత్రయు రెండును మనకు చక్కగా బోధపడును.

తల్లిదండ్రులలో కొందఱు నవలలు చదువుట కాలము వ్యర్థపుచ్చుటయే యని తలంతురు. మఱికొందఱు పిల్లవాడు ఏదో యొక పుస్తకము పట్టుకొని కూర్చుండిన చాలునని సంతోషింతురు. ఈ రెండు తలంపులును సగము సగము సత్యములే. చదివిన కథను అంతటితో విడిచిపెట్టువానికి అది వినోదము మాత్రమే. దానిని లోకములో జరిగిన సంగతులతో పోల్చి చూచువానికి అది విద్య యగును. ఈ పోల్చి చూచు పని యెట్లు చేయవలెనో ఒక్క నవలను ఉదాహరణముగా తీసికొని ఈ వ్యాసములో చూపదలచితిమి.

1. కథా సంగ్రహము

లోయిస్ లౌరీ అను అమెరికా రచయిత్రి 1989లో "నంబర్ ది స్టార్స్" అను చిన్న నవలను ప్రకటించెను. దానికి 1990లో న్యూబరీ పతకము లభించెను. నక్షత్రములను లెక్కించుట యని ఆ పేరునకు భావము. ఆ మాట 147వ కీర్తననుండి గ్రహింపబడినది. కథలో ఒక ముఖ్య ఘట్టమున ఆ కీర్తన చదువబడును.

కథాకాలము 1943. కథాస్థలము డెన్మార్కు దేశపు రాజధాని యగు కోపెన్‌హాగన్ నగరము. ఆ దేశము అప్పుడు జర్మను సైన్యముల వశమున నుండెను. ఆన్‌మేరీ యోహాన్సన్ అను పది యేండ్ల బాలిక తన తల్లిదండ్రులతోను చెల్లెలు కిర్‌స్టితోను ఒక పెద్ద భవనములో కాపురముండును. ఆమె యక్క లీసా అంతకుముందే మరణించెను. అదే భవనములో నివసించు యూదుల బాలిక ఎల్లెన్ రోసెన్ ఆమెకు ప్రాణస్నేహితురాలు. యూదులను పట్టుకొనిపోవుటకు జర్మనులు సిద్ధపడుచున్నారని తెలియగానే ఎల్లెన్ తల్లిదండ్రులు వేఱొకచోటికి తరలిపోవుదురు. ఎల్లెన్ మాత్రము యోహాన్సన్ల యింట వారి కుమార్తెవలె ఉండిపోవును.

ఆ రాత్రియే సైనికులు వచ్చి తలుపు కొట్టుదురు. ఎల్లెన్ మెడలో దావీదు నక్షత్రముగల గొలుసు ఉండును. ఆన్‌మేరీ దానిని తెంపి తన పిడికిట దాచుకొనును. ఇతర పిల్లలకు లేని నల్లని వెండ్రుకలు ఈమెకు ఎట్లు వచ్చెనని అధికారి శంకింపగా, తండ్రి తన పెద్దకూతురు లీసా పసిబిడ్డగా నున్నప్పటి చిత్తరువును తీసి చూపును. ఆ బిడ్డకు అప్పుడు నల్లని జుట్టే యుండెను. సైనికులు వెడలిపోయిన పిమ్మట ఆన్‌మేరీ తన చేయి విప్పి చూచుకొనగా, గట్టిగా పట్టినందువలన నక్షత్రపు గుర్తు అరచేతిలో పడియుండును.

తరువాత తల్లి ముగ్గురు బాలికలను వెంటబెట్టుకొని సముద్రతీరమున గిల్లెలై అను గ్రామములో జాలరియైన తన సోదరుడు హెన్రిక్ ఇంటికి రైలుబండిలో పోవును. అచ్చట ఎవరును చనిపోకయే ఒక శవపేటిక ఇంటిలో ఉంచబడును. చనిపోయిన ముసలి బంధువురాలి కొఱకు కూడినట్లుగా జనులు కూడుదురు. వారిలో కొందఱు పాఱిపోవ వచ్చిన యూదులు. పేటికను తెఱువుమని సైనికులు గద్దింపగా, చనిపోయినది టైఫస్ అను అంటుజ్వరముచేతనని తల్లి చెప్పి వారిని వెనుకంజ వేయించును. పేటికలో నుండినవి వెచ్చని వస్త్రములును దుప్పట్లును మాత్రమే.

మఱునాటి వేకువను, పడవ బయలుదేఱుటకు ముందు చేరవలసిన ఒక చిన్న పొట్లము త్రోవలో పడిపోయినట్లు తెలియును. తల్లి కాలు విఱిగి కదలలేక యుండును. ఆన్‌మేరీ ఆ పొట్లమును రొట్టెబుట్ట అడుగున దాచి అడవిత్రోవను పరుగెత్తును. కుక్కలతో సైనికులు ఆమెను అడ్డగింతురు. ఆమె తన చెల్లెలివలె ఏమియు తెలియని అల్లరిపిల్లగా నటించి మాటలాడును. తుదకు పొట్లము దొరికినను దానిలో నుండినది ఒక చేతిరుమాలు మాత్రమే. సైనికులు దానిని నేలపై పాఱవేసి ఆమెను పోనిత్తురు. పడవ సాగిపోవును. ఎల్లెన్ స్వీడను చేరును.

2. జరిగిన చరిత్ర

ఇప్పుడు పుస్తకము మూసి చరిత్రను తెఱచి చూతము.

జర్మను సైన్యములు 1940 ఏప్రిల్ 9న డెన్మార్కులో ప్రవేశించెను. దేశము ఆ దినముననే లోబడెను. అయినను రాజును, మంత్రివర్గమును, న్యాయస్థానములను తొలగింపక జర్మనులు మూడేండ్లకు పైగా వారిచేతనే పరిపాలన సాగించిరి. ఇందుచేత డెన్మార్కులోని యూదులు, ఇతర దేశములలోని తమవారు పడుచుండిన బాధలు పడక, 1943 వేసవివఱకు ఇంచుమించు యథాప్రకారముగనే జీవించిరి. వారి సంఖ్య సుమారు 7,500.

1943 ఆగస్టులో సమ్మెలును అలజడులును పెచ్చుపెరుగగా జర్మనులు కఠిన నిబంధనలు కోరిరి. మంత్రివర్గము వానికి ఒప్పుకొనక ఆగస్టు 29న అధికారము విడిచిపెట్టెను. ఆ దినముననే డేనులు తమ యుద్ధనౌకలు శత్రువు చేతికి చిక్కకుండుటకై వానిలో అనేకములను తామే రేవులో ముంచివేసిరి. అంతటితో యూదులకు అడ్డుగోడ లేకపోయెను.

వారిని పట్టుకొను ముహూర్తము నిర్ణయింపబడిన సంగతి ముందుగా బయటపెట్టినవాడు ఒక జర్మనుడే యగుట గమనింపదగినది. జర్మను రాయబార కార్యాలయములో ఓడల వ్యవహారములు చూచుచుండిన గియోర్గ్ డుక్‌విట్స్ అనునతడు సెప్టెంబరు 28న హాన్స్ హెడ్‌టాఫ్ అను డేనిష్ నాయకునికి ఆ సమాచారము అందించెను. మఱునాడు ప్రాతఃకాలపు ప్రార్థనలో రబ్బీ మార్కస్ మెల్కియార్ తన సమాజమువారికి ఆ మాట చెప్పి, వెంటనే ఇండ్లు విడిచి దాగుకొనుడనియు, ఎఱిగినవారికెల్ల తెలుపుడనియు హెచ్చరించెను. అక్టోబరు 1 రాత్రి సైనికులు ఇంటింటికిని పోయి తలుపులు తట్టగా అనేక గృహములు శూన్యముగా నుండెను. ఆ రాత్రి దేశమంతటను చిక్కినవారు మూడువందలకు లోపు.

అక్టోబరు 2న తటస్థ రాజ్యమైన స్వీడను, వచ్చిన యూదులనందఱిని చేర్చుకొందుమని రేడియోమూలముగా ప్రకటించెను. డెన్మార్కునకును స్వీడనుకును నడుమ నున్న ఓరెసండ్ జలసంధి మిక్కిలి ఇఱుకైనచోట సుమారు 4 కిలోమీటర్లు మాత్రమే. అక్టోబరు నెలలో కొన్ని వారముల కాలములో సుమారు 7,200 మంది యూదులును, వారితో సంబంధముగల సుమారు 700 మంది ఇతరులును, చేపల పడవలలోను చిన్న నావలలోను ఆ జలసంధిని దాటిరి. వైద్యులు ఆసుపత్రులలో దాచిరి. విద్యార్థులు త్రోవ చూపిరి. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయము ఒక వారము మూయబడెను. అక్టోబరు 3 ఆదివారమున బిషప్ ఫూగ్ల్‌సాంగ్-డామ్‌గార్డ్ పంపిన ఖండనపత్రము దేశమందలి దేవాలయములలో చదువబడెను.

సుమారు 470 మంది మాత్రము పట్టుబడి టెరెసియన్‌స్టాట్ అను నిర్బంధ శిబిరమునకు పంపబడిరి. వారిలో సుమారు 50 మంది అచ్చట మరణించిరి. తక్కినవారు 1945 ఏప్రిల్‌లో "తెల్లని బస్సులు" అని పేరుపొందిన వాహనములలో విడిపింపబడి స్వీడను చేరిరి.

3. కథకును చరిత్రకును గల పొత్తు

ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, రచయిత్రి ఆన్‌మేరీని కల్పించినది గాని ఆమె బ్రతికిన లోకమును కల్పింపలేదని తెలియును. కొన్ని సంగతులు చూడుడు.

కథలో చెల్లెలు కిర్‌స్టికి తల్లి చేపతోలు జోళ్లు కొనితెచ్చును. ఆ పిల్ల వానిని చూచి ఏడ్చును. ఇది నవ్వించుటకై చేసిన కల్పన యని తోచవచ్చును. కాని యుద్ధకాలమున తోలు దొరకక డెన్మార్కులో చేపచర్మముతో జోళ్లు చేసిన మాట వాస్తవము.

కథలో కిర్‌స్టి తన పుట్టినరోజున ఆకాశము ఎఱ్ఱబడి పెద్ద చప్పుళ్లు వినబడగా, అవి తన కొఱకు కాల్చిన బాణసంచా యని నమ్మును. అవి నిజముగా ఆగస్టు 29న డేనుల నౌకలు మునుగునప్పటి ప్రేలుళ్లు. దేశమునకు దుఃఖదినమైనది పసిబిడ్డకు పండుగగా కనబడుట చరిత్రగ్రంథములో ఉండదు. కాని తేదీ మాత్రము చరిత్రలోనిదే.

చేతిరుమాలు సంగతి మఱింత ఆశ్చర్యకరమైనది. పడవలలో దాగినవారిని వాసనపట్టి కనుగొనుటకు జర్మనులు కుక్కలను తెచ్చుచుండిరి. ఎండిన రక్తమును కొకెయిను అను మందును కలిపిన పొడిని చేతిరుమాలుకు పట్టించి ఉంచినయెడల, కుక్క రక్తపు వాసనకు దగ్గఱకు వచ్చి దానిని ముక్కుతో పీల్చును. పిమ్మట మందు ప్రభావమువలన కొంతసేపు దాని ముక్కు పనిచేయదు. ఈ ఉపాయము కనుగొన్నవారు స్వీడను శాస్త్రజ్ఞులని రచయిత్రి గ్రంథాంతమున వ్రాసిన అనుబంధములో తెలిపినది. నవల యంతయు ఒక బట్టముక్కపై ఆధారపడియున్నది. ఆ బట్టముక్క కల్పన కాదు.

కథలో పీటర్ అను యువకుడు రహస్యముగా యూదులను తరలించుచు, తుదకు జర్మనుల చేతిలో ప్రాణము కోల్పోవును. అతడు కల్పిత వ్యక్తియే. అయినను కిమ్ మాల్తె-బ్రూన్ అను డేనిష్ యువకుడు ఇట్టి ప్రతిఘటనలో పాల్గొని 21 యేండ్ల ప్రాయమున 1945 ఏప్రిల్‌లో కాల్చి చంపబడెను. చెఱలో నుండి అతడు తల్లికి వ్రాసిన లేఖలు ప్రచురింపబడినవి. అతని చిత్తరువును చూచిన తరువాత అతని కథను చెప్పవలెనని నిశ్చయించుకొంటినని రచయిత్రి అనుబంధములో చెప్పినది. యుద్ధము డెన్మార్కులో ముగిసినది 1945 మే 5న. అంతకు ఒక నెల ముందే అతడు మరణించెను.

4. జరుగని యొక కథ

కథలన్నియు చరిత్రకు సాయపడునని తలంపరాదు. ఇదే సందర్భమునుగూర్చి లోకమంతటను వ్యాపించిన వేఱొక కథ కలదు. యూదులందఱును పసుపుపచ్చని నక్షత్రమును ధరింపవలెనని జర్మనులు డెన్మార్కులో ఆజ్ఞాపింపగా, రాజగు పదవ క్రిస్టియన్ తానే మొదట ఆ నక్షత్రమును ధరించి గుఱ్ఱమెక్కి వీథులలో తిరిగెననియు, అది చూచి ప్రజలందఱును ధరించిరనియు ఆ కథ చెప్పును. 1958లో వెలువడిన లియోన్ యూరిస్ నవల "ఎక్సొడస్" మూలముగా ఇది అనేకులకు తెలిసినది.

ఇది వినుటకు ఎంతో యింపుగా నున్నది. కాని జరుగలేదు. డెన్మార్కులో యూదులు నక్షత్రము ధరింపవలెనను ఆజ్ఞయే యెన్నడును వెలువడలేదు. ఆజ్ఞ లేనిచోట దానిని ధిక్కరించుట యెక్కడిది? రాజు కావలివాండ్రు లేకుండ దినదినమును గుఱ్ఱముపై నగరములో తిరుగుచుండెననుట నిజమే. అది ప్రజలకు ధైర్యమిచ్చెననుటయు నిజమే. కాని 1942 అక్టోబరులోనే ఆయన గుఱ్ఱముమీదనుండి పడి గాయపడెను.

అసత్యమే యైనను మంచి కథయే గదా, నమ్మినయెడల నష్టమేమి యని మీరడుగవచ్చును. నష్టము కలదు. ఈ కథను నమ్మినవాడు డెన్మార్కు యూదులను రక్షించినది ఒక రాజుయొక్క దర్పమని తలంచును. వాస్తవముగా రక్షించినది తాళముచెవి యిచ్చిన పొరుగువాడు, మంచము చూపిన వైద్యుడు, పడవ విప్పిన జాలరి, ఎఱుగని ఇంటికి పోయి సమాచారము చెప్పిన బాలుడు. వీరికి కిరీటములు లేవు. చక్కని అబద్ధము వీరందఱి పేరును తుడిచివేయును. లౌరీ నవలలో ఆ నక్షత్రపు కథ లేదు. ఆమె ఒక పది యేండ్ల పిల్ల చేతికి బుట్ట యిచ్చినది. చరిత్రకు ఇదియే దగ్గఱ.

5. కథ విడిచిన సంగతులు

మంచి నవలయైనను కొన్నిటిని చెప్పక విడుచును. అది తప్పు కాదు. అయినను చదువరి వానిని వెదకికొనవలెను.

మొదటిది ధనము. హెన్రిక్ ధనము పుచ్చుకొనినట్లు కథలో లేదు. చరిత్రలో అనేకులు పుచ్చుకొనిరి. తలకు సగటున 1,000 క్రోనర్ల వఱకు అడిగిరి. తొలి దినములలో ఇంకను హెచ్చు అడిగినవారును గలరు. అది సామాన్యునకు పెద్ద మొత్తము. ఇది విని జాలరులను నిందించుటకు త్వరపడకుడు. పట్టుబడినయెడల పడవ పోవును, పడవతో కుటుంబపు జీవనాధారము పోవును, వాడు చెఱలో పడును. పేదలకు కావలసిన సొమ్ము ధనికులును సంఘములును పోగుచేసి యిచ్చిరి. ఉచితముగా దాటించినవారును గలరు. ధైర్యమును బేరమును ఒకే మనుష్యునిలో ఉండవచ్చునని చరిత్ర చెప్పుచున్నది. పిల్లల కథ ఈ చిక్కును విడిచిపెట్టినది.

రెండవది పరాజయము. నవలలోని గిల్లెలైలో ఎల్లెన్ క్షేమముగా పడవ యెక్కినది. నిజమైన గిల్లెలై గ్రామమునుండియు అనేకులు దాటిపోయిరి. కాని అక్టోబరు 6 రాత్రి ఆ గ్రామపు దేవాలయము అటకమీద దాగియుండిన సుమారు 80 మందిని గెస్టాపోవారు కనుగొని పట్టుకొనిపోయిరి. నవల మూసిన తరువాత ఈ అటకను జ్ఞప్తియందుంచుకొనుడు. ఎల్లెన్ దాటుట ఎంత సన్నని దారిమీద జరిగినదో అప్పుడు తెలియును.

మూడవది దేశముయొక్క దోషము. 1940 తరువాత డెన్మార్కు అధికారులే కొందఱు యూదు శరణార్థులను మరల జర్మనీకి త్రోసివేసిరి. 2005 మేలో ఆ దేశపు ప్రధానమంత్రి ఆండర్స్ ఫోగ్ రాస్ముసెన్ దేశము పక్షమున దానికై క్షమాపణ చెప్పెను. 7,200 మందిని రక్షించిన దేశము తాను రక్షింపని కొలదిమందినిగూర్చి అఱువదేండ్ల తరువాత ఒప్పుకొనుట ఆ దేశమునకు గౌరవమే.

నాలుగవది పోలిక. హాలండులో యూదులు సుమారు 1,40,000 మంది యుండిరి. వారిలో లక్షకు మించి చంపబడిరి. మీలో ననేకులు ఎఱిగిన ఆన్ ఫ్రాంక్ ఆ దేశపు ఆమ్‌స్టర్‌డాములోనే దాగియుండి 1944 ఆగస్టులో పట్టుబడెను. ఆమెను దాచినవారును ధైర్యవంతులే. కావున డేనులు శూరులు, డచ్చివారు పిఱికివారు అని తీర్పు చెప్పరాదు. డెన్మార్కులో యూదులు కొలదిమంది. ముందుగా హెచ్చరిక అందెను. డేనిష్ పోలీసులు పట్టుకొనుటకు సాయపడలేదు. సముద్రముమీద జర్మనుల కాపలా అంత గట్టిగా లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, చేరదీయు తటస్థ దేశము కన్నులకు కనబడునంత దూరములో నుండెను. హాలండునకు అట్టి తీరము లేదు. ధైర్యము రెండుచోట్లను ఉండెను. అవకాశము ఒకచోటనే యుండెను.

6. కథ యొక్కటియే చెప్పగలది

ఇంత చెప్పిన తరువాత, అయితే చరిత్రయే చాలును గదా, నవల యెందులకని అడుగువారుందురు. 7,200 అను సంఖ్యను పరీక్షలో వ్రాసిన విద్యార్థికి మార్కు వచ్చును. కాని ఆ సంఖ్యలో ఒక్కరిని అతడు చూచియుండడు. అరచేతిలో నక్షత్రపు ముద్ర పడిన పిల్లను చదివినవాడు ఒక్కరిని చూచును. ఆ మీదట 7,200 అను సంఖ్యను చదివినప్పుడు, అది 7,200 పిడికిళ్లుగా అతనికి కనబడును.

రెండవ సంగతి. ఆన్‌మేరీకి పొట్లములో ఏమున్నదో తెలియదు. తెలియకుండుటయే ఆమెకు మేలని మేనమామ తలంచెను. అన్నియు తెలిసినవానికంటె తెలియనివానికి ధైర్యముగా నుండుట సులభమని ఆయన ఆమెకు బోధించును. చరిత్రను పరిశీలించినచో ఇది నిజమని తోచును. ఆ దినములలో సాయపడినవారిలో అనేకులు తమ ముందున్న యొక్క పనిని మాత్రమే యెఱిగి చేసిరి. ఎవరిని ఎచ్చటికి కొనిపోవుదురో వారికి తెలియదు. పట్టుబడి హింసింపబడినను చెప్పుటకు వారియొద్ద ఏమియు లేదు. చరిత్రకారుడు దీనిని ఒక పద్ధతిగా వర్ణించును. నవల దీనిని భయపడుచు పరుగెత్తు పిల్లగా చూపును. ధైర్యమనగా భయము లేకుండుట కాదనియు, భయముతోనే పని ముగించుట యనియు ఆ పిల్ల పరుగు చదివినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

మఱియొక మాట. ఈ కథను రచయిత్రి ఆన్‌మేరీ ప్రక్కనుండి చెప్పినది గాని ఎల్లెన్ ప్రక్కనుండి చెప్పలేదు. అందువలన రక్షించువారి మనస్సు మనకు తెలియును. రక్షింపబడువారు ఎక్కువగా మౌనముగా నుందురు. చరిత్రలో వారు ఊరక కూర్చుండినవారు కారు. హెచ్చరిక విన్న యూదులు తామే ఇంటింటికి పోయి ఒకరికొకరు తెలిపిరి, సొమ్ము సమకూర్చిరి, పసిబిడ్డలను ఎత్తుకొని చీకటిలో తీరమునకు నడచిరి. ఏ నవలయైనను ఎవరి కన్నులతో చూపుచున్నదో కనుగొని, ఆ కన్నులకు కనబడనివారు ఎవరో అడుగుట మంచి చదువరి లక్షణము.

7. ఈ పద్ధతిని మనము అనుసరించు విధము

విద్యార్థులారా, ఇట్టి పరిశీలనకు పెద్ద గ్రంథాలయము అవసరము లేదు. ఒక నోటుపుస్తకము చాలును. నవలను మొదట ఆనందముకొఱకే చదువుడు. మధ్యలో ఆపకుడు. ముగిసిన పిమ్మట కథ జరిగిన ఊరును, సంవత్సరమును వ్రాసికొనుడు. రచయిత ముందుమాటగాని అనుబంధముగాని వ్రాసియుండినచో దానిని తప్పక చదువుడు. తరువాత పుటను మూడు గడులుగా గీయుడు. మొదటి గడిలో చరిత్రలో నిజముగా నున్నవి, రెండవదానిలో రచయిత కల్పించినవి, మూడవదానిలో కథ చెప్పక విడిచినవి వ్రాయుడు. ఒక్క పుస్తకమును నమ్మి ఏ గడిని నింపకుడు. కనీసము రెండు పుస్తకములలో ఒకే మాట కనబడవలెను. రాజును నక్షత్రమును గూర్చిన కథ యెంతకాలము నిలిచెనో చూచితిరి గదా. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చూచి వ్రాయుటవలననే అది నిలిచెను.

ఆ యుద్ధము మనకు దూరమైనదని తలంపకుడు. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ కాలమును స్వయముగా నెఱిగిన వృద్ధులు ఇప్పుడు అరుదు. వారినుండి విన్న కుమారులు, మనుమలు మాత్రము తీరపు గ్రామములలో ఇంకను ఉన్నారు. మీ ఇంటి తాతగారినిగాని అమ్మమ్మనుగాని నాయనమ్మనుగాని అడిగి, వారు తమ పెద్దలనుండి విన్న మాటను వారు చెప్పినట్లే వ్రాసికొని, పిమ్మట దానిని చరిత్రగ్రంథముతో సరిచూడుడు. రెండును కలియనిచోట పెద్దలను అబద్ధికులనకుడు. ఎనుబదేండ్ల కాలములో మాట ఎట్లు మాఱెనో వెదకుడు. తల్లిదండ్రులు ఈ పనిలో పిల్లలకు తోడుపడుదురని మేము కోరుచున్నాము. ఇంటిలో పెద్దలు చెప్పగా వ్రాసికొనిన ఒక పుట, పాఠశాలలో మేము చెప్పు పది పాఠములకు సాటి యగును.

అభ్యాసము

1. ఆన్‌మేరీ కథలో చరిత్రకు సరిపోవు సంగతులు నాలుగింటిని వాని తేదీలతోను స్థలములతోను వ్రాయుము.

2. డెన్మార్కు రాజు నక్షత్రము ధరించెనను కథ యేల అసత్యము? దానిని నమ్మినయెడల ఎవరి పేరు మఱుగుపడును?

3. ధనము పుచ్చుకొని యూదులను దాటించిన జాలరి ధైర్యవంతుడా? రెండు పక్షముల వాదములను వ్రాసి నీ అభిప్రాయము తెలుపుము.

4. డెన్మార్కులో సాధ్యమైనది హాలండులో ఏల సాధ్యము కాలేదు? కారణములు మూడు చూపుము.

5. పడవ యెక్కు రాత్రిని ఎల్లెన్ తానే చెప్పుచున్నట్లు ఒక పుటకు మించకుండ వ్రాయుము. ఈ వ్యాసములోని చరిత్రకు విరుద్ధమైనది ఏదియు అందులో ఉండరాదు.

6. నీవు చదివిన మఱియొక నవలను తీసికొని, పైన చెప్పిన మూడు గడులను నింపి తరగతిలో చదివి వినిపింపుము.